ఇల్లు అలకగానే పండగ కాదు: సెప్టెంబరులో బిగ్ 12 పట్టిక చదివే పద్ధతి

2024 సెప్టెంబరు చివరి వారం. మా బావమరిది టెంపీలో, అరిజోనా స్టేట్‌లో ఎమ్మెస్ చేసి అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రోజూ తన కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ గొప్పలే. నాకు ఒళ్లు మండి, ఆ టీమ్ ఆడే కాలేజీల కూటమి బిగ్ 12 పట్టిక స్క్రీన్‌షాట్ తీసి, అడుగు వరసల్లో ఉన్న ఆ పేరు చుట్టూ ఎర్ర సున్నా గీసి పెట్టాను. కాన్ఫరెన్స్‌లో, అంటే ఆ కూటమి ఆటల్లో, 0-1: గెలుపు సున్నా, ఓటమి ఒకటి. "షెడ్యూల్ చూశావా బావా?" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. నేను చూడలేదు. డిసెంబరు 7న డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో, మా ఇర్వింగ్ ఇంటికి అరగంట దూరంలో, అదే టీమ్ ఆయోవా స్టేట్‌ను 45-19తో చిత్తు చేసి కప్పు ఎత్తుకుపోయింది. ఎర్ర సున్నా ఫొటో మళ్లీ గ్రూపులోకి వచ్చింది. ఈసారి పెట్టింది మా అత్తగారు.

ఆ దెబ్బతో ఏటా ఆగస్టులో ఒక కాగితం పని పెట్టుకున్నాను. మీ పిల్లలు హ్యూస్టన్‌లోనో సిన్సినాటిలోనో యూసీఎఫ్‌లోనో చదువుతూ ఆటల కబుర్లు చెబుతుంటే ఊ కొట్టడం తప్ప ఏమీ తెలియడం లేదా? ఆఫీసులో సోమవారం పొద్దున అందరూ మాట్లాడుకుంటుంటే కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతూ నిలబడుతున్నారా? అయితే ఇది మీకోసమే. ఆట రూల్స్ ఇక్కడ చెప్పను. పట్టికనీ షెడ్యూల్‌నీ పక్కపక్కన పెట్టుకుని చదవడం ఎలాగో, అంతవరకే.

ముందు పేరు సంగతి తేల్చుకోండి

కాన్ఫరెన్స్ అంటే కొన్ని యూనివర్సిటీలు కలిసి తమలో తాము ఆడుకోవడానికి కట్టుకున్న కూటమి. బిగ్ 12 ఆఫీసు మా ఇర్వింగ్‌లోనే ఉంది. 1996లో ఆటలు మొదలైనప్పుడు నిజంగానే పన్నెండు జట్లు. తర్వాత కొందరు పోయారు, కొందరు వచ్చారు. 2024లో టెక్సాస్, ఓక్లహోమా ఎస్ఈసీ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కి వెళ్లిపోగా అరిజోనా, అరిజోనా స్టేట్, కొలరాడో, యూటా వచ్చి చేరాయి. ఇప్పుడు పదహారు. పేరులో పన్నెండే. పక్కనున్న బిగ్ టెన్‌లో పద్దెనిమిది ఉన్నాయి కాబట్టి లెక్కలో వీళ్లే కాస్త నయం.

పదహారింటినీ ఒకసారి రాసుకోండి: అరిజోనా, అరిజోనా స్టేట్, బేలర్, బీవైయూ, సిన్సినాటి, కొలరాడో, హ్యూస్టన్, ఆయోవా స్టేట్, కాన్సాస్, కాన్సాస్ స్టేట్, ఓక్లహోమా స్టేట్, టీసీయూ, టెక్సాస్ టెక్, యూసీఎఫ్, యూటా, వెస్ట్ వర్జీనియా. అరిజోనా వేరు, అరిజోనా స్టేట్ వేరు. కాన్సాస్ వేరు, కాన్సాస్ స్టేట్ వేరు. ఆ తేడా తెలియక ఎవరినైనా పలకరించారో, ఇక ఆ మనిషి మీతో ఆట గురించి మాట్లాడడు.

రెండు అంకెల జతల్లో ఎడమదే పట్టిక

పట్టిక తెరవగానే ప్రతి పేరు పక్కన రెండు జతల అంకెలు కనిపిస్తాయి. ఒకటి కాన్ఫరెన్స్ రికార్డు, అంటే ఈ పదహారులోని వాళ్లతో ఆడిన ఆటల్లో గెలుపు-ఓటమి. రెండోది మొత్తం రికార్డు. మామూలుగా కాన్ఫరెన్స్ జత ముందుంటుంది, ర్యాంకు వరస దాన్ని బట్టే. మనకి ఐపీఎల్ అలవాటు కాబట్టి ఆడిన ప్రతి మ్యాచ్‌కీ పాయింట్లు పడతాయనుకుంటాం. ఇక్కడ అలా కాదు. ఒక్కో జట్టుకి సీజన్‌లో పన్నెండు ఆటలు. అందులో తొమ్మిదే కాన్ఫరెన్స్ ఆటలు. మిగతా మూడు బయటివాళ్లతో, అవి ఎక్కువగా సీజన్ మొదట్లోనే పడతాయి. అందుకే సెప్టెంబరు నడిమధ్య దాకా సగం పట్టిక 0-0తో నిండి ఉంటుంది.

ఐపీఎల్‌తో ఇంకో తేడా. నెట్ రన్‌రేట్ లాంటిది ఇక్కడ లేదు. 60-0తో గెలిచినా ఒక గెలుపే, చివరి సెకనులో ఒక్క పాయింటుతో గెలిచినా ఒక గెలుపే.

ఇప్పుడు 2024 సెప్టెంబరు 15, ఆదివారం పొద్దున పట్టికలోంచి మూడు వరసలు చూడండి.

అరిజోనా స్టేట్: 0-0, 3-0
ఓక్లహోమా స్టేట్: 0-0, 3-0
యూటా: 0-0, 3-0

అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. సీజన్‌కి ముందు జులైలో విలేకరులు వేసిన అంచనాలో యూటా మొదటి స్థానం, అరిజోనా స్టేట్ పదహారింట్లో పదహారోది. ఓక్లహోమా స్టేట్ అప్పటికే దేశవ్యాప్త ర్యాంకులిచ్చే ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) పోల్‌లో మొదటి పదిహేనులో ఉంది. వారం తిరిగేసరికి యూటా 22-19తో ఓక్లహోమా స్టేట్‌ను ఓడించి 1-0 అయింది. మిగతా ఇద్దరూ 0-1. నేను ఎర్ర సున్నా గీసింది ఆ పట్టిక మీదే.

నవంబరు ఆఖరుకి కాన్ఫరెన్స్ లెక్క ఇదీ: అరిజోనా స్టేట్ 7-2, యూటా 2-7, ఓక్లహోమా స్టేట్ 0-9. ఆరంభ శూరత్వం అనే మాటకి ఓక్లహోమా స్టేట్ కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ ఏడాది వాళ్లు గెలిచినవి ఆ మొదటి మూడే, అందులో ఒక్కటీ కాన్ఫరెన్స్ లెక్కలోకి రాదు.

కాగితం తయారు చేసుకోవడం

స్కూల్ పిల్లల గళ్ల నోట్‌బుక్‌లోంచి ఒక పేజీ చాలు. ఫోన్‌లో చేస్తానంటే మీ ఇష్టం, నాకు పెన్సిల్‌తో కొట్టేస్తేనే బుర్రకెక్కుతుంది. ఒక జట్టుకి ఒక పేజీ. నాలుగు నిలువు గీతలు: తేదీ, ఎవరితో, సొంతగడ్డ మీదా బయటా, కాన్ఫరెన్స్ లెక్కలోకి వస్తుందా రాదా. షెడ్యూల్‌లో ప్రత్యర్థి పేరుకి ముందు "ఎట్" గుర్తు గానీ ఆ మాట గానీ ఉంటే బయట ఆట. "వర్సెస్" అని ఉంటే సొంతగడ్డ. ఎవరిదీ కాని ఊళ్లో ఆడితే ఆ ఊరి పేరు విడిగా ఇస్తారు.

పన్నెండు ఆటలూ ముందే రాసేయండి, ఆడినవి మాత్రమే కాదు. అసలు కిటుకంతా అక్కడే. పట్టిక జరిగిపోయినదాన్నే చూపిస్తుంది. సెప్టెంబరులో జరిగింది మూడో వంతే.

ఆ ఏడాది సెప్టెంబరు 22న మా బావమరిది దగ్గర ఉన్న కాగితం ఇలా ఉండేది:

ఆగస్టు 31, వయోమింగ్, సొంతగడ్డ, లెక్కలేదు. గెలుపు 48-7.
సెప్టెంబరు 7, మిసిసిపీ స్టేట్, సొంతగడ్డ, లెక్కలేదు. గెలుపు 30-23.
సెప్టెంబరు 12, గురువారం, టెక్సాస్ స్టేట్, బయట, లెక్కలేదు. గెలుపు 31-28.
సెప్టెంబరు 21, టెక్సాస్ టెక్, బయట, లెక్క. ఓటమి 22-30.

దీని కింద ఇంకా ఎనిమిది ఖాళీ వరసలు. ఎనిమిదీ లెక్కలోకి వచ్చేవే. ఉన్న ఒక్క ఓటమి లబ్బాక్‌లో, పరాయి మైదానంలో, ఎనిమిది పాయింట్ల తేడాతో. ఓక్లహోమా స్టేట్ 0-1 మాత్రం సొంత ఊళ్లో ఓడి తెచ్చుకున్నది. పట్టికలో రెండు 0-1లకీ తేడా లేదు. కాగితం మీద ఉంది.

నిజం చెప్పాలంటే, ఈ కాగితం చూసి అరిజోనా స్టేట్ కప్పు గెలుస్తుందని ఎవరూ చెప్పలేరు. అంతకుముందు ఏడాది వాళ్లది 3-9. కానీ ఎర్ర సున్నా గీసేంత ధైర్యం మాత్రం నాకు వచ్చి ఉండేది కాదు.

గెలుపుల్ని విప్పి చూడండి

3-0 కనిపించగానే ఆ మూడూ ఎవరి మీదో చూడండి. పెద్ద జట్లు చాలావరకు ఏటా ఒక ఆట కింది స్థాయి, అంటే ఎఫ్‌సీఎస్ జట్టుతో పెట్టుకుంటాయి. చిన్న కాలేజీకి డబ్బొస్తుంది, పెద్ద కాలేజీకి ఒక గెలుపొస్తుంది. అలాంటి గెలుపు పక్కన నేను చిన్న చుక్క పెడతాను. మిగతా పెద్ద కాన్ఫరెన్సుల జట్టు మీద గెలిస్తే గీత. అదనపు సమయంలో గెలిస్తే ఆ గీత మీద ప్రశ్నార్థకం.

ఓక్లహోమా స్టేట్ 3-0ని ఇలా విప్పితే: ఎఫ్‌సీఎస్ నుంచి సౌత్ డకోటా స్టేట్ (వాళ్లు అంతకుముందు వరసగా రెండేళ్లు ఆ స్థాయి చాంపియన్లు, కాబట్టి మామూలు చుక్క కన్నా కాస్త పెద్ద చుక్క పెట్టాలి), ఆర్కాన్సా మీద 39-31, అదీ రెండు అదనపు సమయాల తర్వాత, ఆపైన టల్సా. ఒక చుక్క, ఒక ప్రశ్నార్థకం, ఒక మామూలు గెలుపు. దీన్ని చూసి మొదటి పదిహేనులో పెట్టారు.

ఓటమికీ గాయాలకీ కూడా ఒక మూల ఖాళీ ఉంచండి. యూటా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టు ఆటను నడిపించేవాడు) క్యామ్ రైజింగ్ రెండో ఆటలోనే చేతికి దెబ్బ తగిలించుకున్నాడు. ఆ తర్వాత కూడా జట్టు రెండు ఆటలు గెలిచింది కాబట్టి పట్టిక మీద మచ్చ కనబడలేదు. సెప్టెంబరు 28 నుంచి వరసగా ఏడు ఓడింది.

ఒకే కాన్ఫరెన్స్ వాళ్లు ఆడినా లెక్కలోకి రాని ఆటలు

ఇది తెలియక నేను ఒక శనివారమంతా పట్టికను తిట్టుకున్నాను. 2024 సెప్టెంబరు 7న యూటా 23-12తో బేలర్‌ను ఓడించింది. ఇద్దరూ బిగ్ 12 జట్లే. అయినా పట్టికలో యూటా 0-0, బేలర్ 0-0. మరుసటి శుక్రవారం కాన్సాస్ స్టేట్ 31-7తో అరిజోనాను ఓడించింది. మళ్లీ అదే తంతు.

కారణం చాలా మామూలుది. ఈ కాలేజీలు వేరువేరు కాన్ఫరెన్సుల్లో ఉన్నప్పుడు ఏళ్ల కిందటే ఆటలు ఒప్పందం చేసుకున్నాయి. తర్వాత ఒకే గూటికి చేరినా పాత ఒప్పందాలు అలాగే ఉంచి, అవి బయటి ఆటల కిందే లెక్కన్నారు. వియ్యమందకముందు తీసుకున్న చేబదులుని వియ్యమందాక కూడా తీర్చాల్సిందే అన్నట్టు. కాన్సాస్ స్టేట్, అరిజోనా 2025 సెప్టెంబరులో మళ్లీ అదే లెక్కన ఆడాయి, ఈసారి అరిజోనా 23-17తో గెలిచింది. ఆ గెలుపూ ఎడమ జతలోకి ఎక్కలేదు.

కాబట్టి నాలుగో గీతలో "లెక్క" అని రాసేముందు, రెండు పేర్లూ మన పదహారులో ఉన్నాయి కదా అని సరిపెట్టుకోవద్దు. కాన్ఫరెన్స్ ఆటలకి అధికారిక షెడ్యూల్‌లో నక్షత్రం గుర్తు (*) వేస్తారు. ఆ గుర్తుంటేనే లెక్క.

దీనికి తలకిందుల కథ 2025 ఆగస్టు 23న డబ్లిన్‌లో జరిగింది. చాలామందికన్నా వారం ముందు, ఐర్లండ్‌కి పోయి ఆయోవా స్టేట్, కాన్సాస్ స్టేట్ ఆడాయి. అది మాత్రం నిఖార్సైన కాన్ఫరెన్స్ ఆట. ఆయోవా స్టేట్ 24-21తో గెలిచింది. ఆ రాత్రి పట్టిక చూస్తే నవ్వొచ్చింది: పైన ఒకరు 1-0, అడుగున ఒకరు 0-1, నడుమ పద్నాలుగు జట్లు 0-0. సీజన్ చివర ఆ ఇద్దరి కాన్ఫరెన్స్ రికార్డు ఏమిటో తెలుసా? ఇద్దరిదీ 5-4.

మిగిలిన ఆటల బరువు తూచడం

పెన్సిల్‌తో చేసే పనుల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. మిగిలిన ప్రతి ఆట పక్కన ఒక మాట రాయండి: తేలిక, సమానం, కష్టం. బయట ఆటైతే ఒక మెట్టు పెంచండి. ప్రోవో, సాల్ట్ లేక్, బౌల్డర్ లాంటి ఎత్తైన ఊళ్లకి టెక్సాస్ నుంచో ఫ్లోరిడా నుంచో వెళ్తుంటే ఇంకో అర మెట్టు. తొమ్మిది బేసి సంఖ్య కాబట్టి కొందరికి సొంతగడ్డ మీద ఐదు, బయట నాలుగు. మరికొందరికి అటుది ఇటు. అదీ గమనించండి. ఆటకి ముందు వారం సెలవు దొరికిన జట్టేదో, శనివారం ఆడి మళ్లీ గురువారమో శుక్రవారమో దిగాల్సిన జట్టేదో కూడా కాగితం మీదే తెలుస్తుంది.

2024లో బేలర్ కాన్ఫరెన్స్ ఆటలు మొదలెట్టి మూడూ ఓడింది. మొదటిది కొలరాడోలో: ఆఖరి క్షణంలో గాల్లోకి విసిరిన బంతిని లజాంటే వెస్టర్ పట్టుకోవడంతో స్కోరు సమానమై, అదనపు సమయంలో 38-31తో పోయింది. తర్వాత బీవైయూ, ఆ తర్వాత ఆయోవా స్టేట్. అక్టోబరు 5 రాత్రి పట్టికలో 0-3. కోచ్‌ని మార్చాలని గోల మొదలైంది. కానీ ఆ మూడు పేర్లు మళ్లీ చదవండి: కొలరాడో, బీవైయూ, ఆయోవా స్టేట్. ఆ సీజన్‌లో అగ్రస్థానంలో 7-2తో సమంగా నిలిచిన నాలుగు జట్లలో మూడు అవే. కష్టమంతా ముందే పడిపోయింది. మిగిలిన ఆరూ బేలర్ గెలిచి 6-3తో ముగించింది. కాగితం రాసుకున్నవాడికి ఆ 0-3 అంత భయంకరంగా కనిపించేది కాదు.

ఎవరు ఎవరితో ఆడరో కూడా చూడాలి

పదహారు జట్లు, తొమ్మిది ఆటలు. అంటే ప్రతి జట్టూ మిగతా పదిహేనులో ఆరుగురి ముఖం చూడకుండానే సీజన్ ముగిస్తుంది. ఈ డొల్లతనం సెప్టెంబరులో ఎవరికీ పట్టదు, నవంబరులో అందరూ జుట్టు పీక్కుంటారు. 2024లో అరిజోనా స్టేట్, ఆయోవా స్టేట్, బీవైయూ, కొలరాడో నాలుగూ 7-2. ఫైనల్‌కి ఇద్దరే. ఈ నలుగురిలో ఒకరితో ఒకరు ఆడింది ఒకే ఒక్క జత: నవంబరు 23న అరిజోనా స్టేట్ 28-23తో బీవైయూని ఓడించింది. మిగతా పోలికలన్నీ ఉమ్మడి ప్రత్యర్థులు, ప్రత్యర్థుల బలం అంటూ మెట్టుమెట్టుగా దిగే నిబంధనలతో తేల్చాల్సి వచ్చింది. ఆ మెట్లన్నీ మీరు కంఠతా పట్టనక్కర్లేదు. కాగితం వెనక పక్క "ఆడనివాళ్లు" అని ఆరు పేర్లు రాసి పెట్టుకోండి, చాలు. పై వరసలో ఉన్న ఇద్దరికీ ఒకరి జాబితాలో ఒకరు ఉంటే తగువు రాబోతోందని అక్టోబరులోనే తెలిసిపోతుంది.

ఇంతకీ పట్టికను ఎప్పటినుంచి నమ్మొచ్చు? నా లెక్కలో నాలుగైదు కాన్ఫరెన్స్ ఆటలు అయ్యాక, అంటే అక్టోబరు మూడో వారం. అప్పుడైనా గెలుపుల గడి కాదు, ఓటముల గడి చూడండి. ఆడిన ఆటల సంఖ్య ఒక్కొక్కరిదీ ఒక్కోలా ఉంటుంది. తక్కువ ఆడినవాడు రేపు గెలిచి సరిచేసుకోవచ్చు, ఓడినది మాత్రం చెరిగిపోదు. అయినా జాగ్రత్త: 2024లో బీవైయూ మొదటి తొమ్మిది ఆటలూ, అందులో కాన్ఫరెన్స్‌వి ఆరూ గెలిచి నవంబరు నడిమధ్య దాకా ఓటమి లేకుండా కూర్చుంది. తర్వాత కాన్సాస్ చేతిలో, అరిజోనా స్టేట్ చేతిలో వరసగా ఓడి ఫైనల్ కూడా చేరలేదు.

అన్నట్టు, జట్టు పేరుకి ముందు చిన్నగా కనబడే అంకె ఈ పట్టికలో స్థానం కాదు. అది దేశం మొత్తం మీద ఏపీ పోల్ ఇచ్చే ర్యాంకు. ఓట్లతో వస్తుంది. సెప్టెంబరులో దాన్ని వినోదంగా చూడండి.

టైము సంగతి

ఆగస్టులో షెడ్యూల్ చూస్తే సెప్టెంబరు మొదటి మూడు వారాల తర్వాత చాలా ఆటల పక్కన తేదీ ఉంటుంది, టైము బదులు "టీబీడీ", అంటే ఇంకా తేలలేదు, అని ఉంటుంది. టీవీ చానళ్లు ఏ ఆట ఏ టైముకో మామూలుగా పన్నెండు రోజుల ముందు తేలుస్తాయి, ఒక్కోసారి ఆరు రోజుల ముందు. శనివారం ఆట సాయంత్రమే ఉంటుందని నాకు నేనే ఊహించుకుని, ఇంట్లో సత్యనారాయణ వ్రతం పొద్దున పెట్టించాను. ఆట పొద్దున పదకొండుకి పడింది. నాలుగో కథ దగ్గర పంతులుగారు నన్నే చూస్తున్నారు, నేను పీటల మీద కూర్చుని తోడల్లుడి ఫోన్‌లోకి తొంగి చూస్తున్నాను. టీబీడీ ఉన్న శనివారం ముహూర్తాలు పెట్టుకోకండి.

ఊళ్లో అమ్మానాన్నలకి చెప్పాల్సిన లెక్క: నవంబరు మొదటి ఆదివారం వరకు డాలస్ టైముకి పదిన్నర గంటలు కలపాలి. ఇక్కడ శనివారం పొద్దున 11 అంటే అక్కడ రాత్రి 9:30. ఇక్కడ మధ్యాహ్నం 2:30 అంటే అక్కడ అర్ధరాత్రి దాటి ఒంటిగంట. ఇక్కడ రాత్రి 7 అంటే అక్కడ ఆదివారం తెల్లవారి 5:30, పాలప్యాకెట్ వచ్చే వేళ. నవంబరులో గడియారాలు వెనక్కి జరిపాక పదకొండున్నర గంటలు. ఫీనిక్స్, టెంపీ, టూసాన్‌లలో గడియారం ఏడాది పొడుగునా ఒకటే, ఎప్పుడూ పన్నెండున్నర గంటలు కలిపితే చాలు.

అరిజోనాలో సెప్టెంబరు ఎండకి మధ్యాహ్నం ఆడలేరు. అక్కడి ఆటలు చాలావరకు రాత్రి మొదలవుతాయి. డాలస్ గడియారంలో అర్ధరాత్రి దాటినా తేలవు. అందుకని శనివారం రాత్రి పడుకునే ముందు పట్టిక తీసి కాగితం దిద్దొద్దు, సగం ఆటలే ఎక్కి ఉంటాయి. నేను ఆదివారం ఉదయం, ఫిల్టర్ దిగేలోపు దిద్దుతాను. టెంపీలో ఆట ఉన్న వారం ఆ పని కూడా ఉండదు. స్కోరు అప్పటికే గ్రూపులో ఉంటుంది, కింద "బావా, లేచావా?" అని.